కరువు సీమకు చేతిసంచే రక్ష

అంగడికి వట్టి చేతులతో వెళ్లి సరుకులను ప్లాస్టిక్ కవరులో తెచ్చుకునే అలవాటు పట్టణాల నుంచి పల్లెలకు పాకి ఏళ్లు గడిచాయి. ఒకసారి వాడి పారవేసే కవరు వల్ల నష్టం ఎక్కడైనా ఉన్నదే అయినా, అనంతపురం పీఠభూమి వంటి మెట్టసీమలో దాని తీవ్రత హెచ్చు. హైదరాబాదు–బెంగళూరు జాతీయ రహదారి మీద పెనుకొండకు దక్షిణాన ఉన్న సోమందేపల్లె, ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ప్రాంతంలోనిది. ఇక్కడ వేరుశెనగ పంట చేజారిన ఏట రైతును ఆదుకునేవి పశువులు, గొర్రెలు. మేత కరవైన నెలల్లో ఆ పశువులే బీళ్లు, గట్లు దాటి ఊరి చెత్తకుప్పల దాకా వస్తాయి.

కూరగాయల తొక్కలను, మిగిలిన అన్నాన్ని కవరులో మూటకట్టి పారవేసినప్పుడు, ఆ వాసనకు వచ్చిన ఆవు ముడి విప్పి లోపలిది మాత్రమే తినలేదు. ఆవు మేతను నాలుకతో చుట్టి లాగి, సరిగా నమలకుండానే మింగి, తరువాత తీరికగా నెమరు వేస్తుంది కనుక కవరు కూడా పొట్టలోకి చేరుతుంది. నాలుగు అరలున్న దాని జీర్ణాశయంలో మొదటిదీ పెద్దదీ అయిన అరను రూమెన్ అంటారు. అరగని ప్లాస్టిక్ అందులో ఏళ్ల తరబడి పోగుపడి, తాళ్లతో, గుడ్డపీలికలతో పెనవేసుకుని గట్టి ముద్దగా మారుతుంది. అప్పుడు పొట్ట నిండుగా కనిపిస్తున్నా, మేతకు చోటు లేక పశువు చిక్కి శల్యమవుతుంది.

ఈ సంగతిని దేశం దృష్టికి తెచ్చింది ఈ సీమే. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ అనే జంతు సంరక్షణ సంస్థ, ఆవుల పొట్టలకు శస్త్రచికిత్స చేయించి పదుల కిలోల ప్లాస్టిక్‌ను వెలికి తీయించడమే కాక, కవర్లను నిషేధించాలని కోరుతూ 2012లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేసింది. దాని విచారణ సందర్భంగా న్యాయస్థానం, రాబోయే తరానికి ప్లాస్టిక్ సంచులు అణుబాంబును మించిన ముప్పు కాగలవని హెచ్చరించింది.

ఆ తరువాత నిబంధనలు క్రమంగా బిగిశాయి. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటారు. చేతిలో పట్టుకువెళ్లే ప్లాస్టిక్ సంచి మందం కనీసం 50 మైక్రాన్లు ఉండాలని 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలు నిర్దేశించగా, 2021 సెప్టెంబరు 30 నుంచి ఆ కనీస మందాన్ని 75కు, 2022 డిసెంబరు 31 నుంచి 120కి పెంచారు. పలుచని కవరు తేలికగా చిరిగి గాలికి ఎగురుతుంది, ఏరి తెచ్చి అమ్మినా రాబడి ఉండదు కనుక దానిని ఎవరూ ఏరరు. మందం పెరిగితే ధర పెరిగి, ఊరికే ఇచ్చే అలవాటు తగ్గుతుందన్నది ఈ నియమం వెనుక ఉన్న ఆలోచన. ఐర్లండు 2002లో ఒక్కో కవరుపై 15 సెంట్ల పన్ను విధించగానే వాడకం తొంభై శాతానికి పైగా పడిపోవడం ఈ ఆలోచనకు బలమైన నిదర్శనం.

అయితే కవరు స్థానంలో వచ్చిన ప్రతిదీ గుడ్డసంచి కాదు. బట్టల దుకాణాల్లో ఇచ్చే మెత్తని రంగురంగుల సంచులు చూపుకు గుడ్డలా ఉన్నా, చాలావరకు పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పోగులను వేడితో అతికించి చేసినవే. మగ్గాల పని ఎరిగిన ధర్మవరం, హిందూపురం, సోమందేపల్లె ప్రాంతాలవారు వీటిని ఇట్టే గుర్తుపట్టగలరు: వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే నేసిన బట్టలో పడుగూ పేకా కనిపిస్తాయి, వీటిలో కనిపించవు.

అసలైన నూలుసంచి అయినా కొన్నంత మాత్రాన మేలు జరగదు. పత్తి సాగుకూ నేతకూ నీరు, విద్యుత్తు ఖర్చవుతాయి. ఒకసారి వాడి పారవేసే పలుచని కవరుతో పోల్చినప్పుడు, భూతాపం విషయంలో నూలుసంచి మెరుగనిపించుకోవాలంటే దానిని 131 సార్లు వాడాలని 2011లో బ్రిటన్ పర్యావరణ సంస్థ లెక్కగట్టింది. వారానికి ఒకసారి చొప్పున సంతకు తీసుకువెళ్తే ఇది రెండున్నర ఏళ్ల మాట. అందువల్ల సభల్లో, పెళ్లిళ్లలో కొత్త సంచులు పంచిపెట్టడం కన్నా, పాత చీరతోనో దుప్పటితోనో కుట్టించుకున్న సంచి, ఖాళీ అయిన బియ్యం సంచి, ఇంట్లో ఉన్న వైరు బుట్ట ఎంతో మేలు. మాంసానికీ పెరుగుకూ స్టీలు డబ్బా, నూనెకు సీసా తీసుకువెళ్తే కవరు అవసరం దాదాపు తీరిపోతుంది.

చట్టం కవరు మందాన్ని నిర్ణయించగలదే గాని, సంచి పట్టుకుని ఇల్లు కదిలే అలవాటును నేర్పలేదు. వాననూ పశువునూ నమ్ముకున్న ఈ సీమలో ప్రతి కుటుంబమూ గడప పక్కన ఒక సంచిని తగిలించి ఉంచాలి, ప్రతి అంగడీ అడగనిదే కవరు ఇవ్వకూడదు, తప్పనిసరై ఇంటికి వచ్చిన కవరులో తినే పదార్థాన్ని మూటకట్టి ఎవరూ వీధిలో పారవేయకూడదు.