కుక్కపిల్లను తెచ్చుకొనే ముందు

పొలానికి, పశువుల కొట్టానికి కావలి కొరకు కుక్కను పెంచదలచిన రైతు సోదరులు ఖరీదైన జాతులకై దూరాన వెదకనక్కరలేదు. మన ఎండలకు అలవాటుపడిన నాటు కుక్కపిల్లలు మీ ఊరిలోనే దొరకును.

ఎనిమిది వారాలు నిండక మునుపు పిల్లను తల్లినుండి వేరుచేయరాదు. చురుకుగా తిరుగుచు, కండ్లు తేటగా, చర్మం శుభ్రంగా ఉన్నదానిని ఎన్నుకొనండి. ఒళ్లు చిక్కి పొట్ట మాత్రం ఉబ్బియున్నచో కడుపులో నట్టలుండవచ్చును. తెచ్చిన వారంలోనే పశువైద్యశాలలో చూపించి నట్టల మందు పట్టించండి.

అన్నిటికన్న ముఖ్యమైనది పిచ్చికుక్క వ్యాధి రాకుండ వేయించు టీకా. ఈ వ్యాధి లక్షణాలు పైకి కనబడిన తరువాత మనిషిని బ్రతికించుట దాదాపు అసాధ్యం. పిల్లకు మూడు నెలలు నిండగానే మొదటి టీకా, పిదప వైద్యుడు చెప్పిన ప్రకారం ఏటేటా వేయించవలెను. పాశ్చర్ తయారుచేసిన టీకాను 1885 జూలై 6న ఒక బాలునికి వేసిరి. ఆ జ్ఞాపకార్థం ఏటా జూలై 6న అనేక పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేయుదురు.

ఇంటి కుక్కయే ఆటలో కరిచినను, గీరినను, గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడు నీటితో పావుగంట సేపు కడిగి, ఆనాడే ఆసుపత్రికి వెళ్లండి. పసుపు, సున్నం, కారం పూయరాదు. కుక్కకు టీకా వేయించినాము గదా అని అశ్రద్ధ చేయకండి.