ఆలస్యం అన్నివేళలా విషమేనా?

"ఆలస్యం అమృతం విషం" అన్నారు మన పెద్దలు. "నిదానమే ప్రధానం" అన్నదీ వారే. ఈ రెంటిలో ఏది ఎప్పుడు పట్టుకోవాలో తెలియక ఒక రాత్రి మా కుటుంబం పడిన అవస్థ మన సంఘంలోని సోదర సోదరీమణులకు ఉపకరిస్తుందని వ్రాస్తున్నాను.

మా బావమరిది తొప్పూరు కనుమలో వ్యాను నడుపుతూ, ఆగి ఉన్న లారీని గుద్దుకున్నాడు. ఆ వాలు సంగతి మన ధర్మపురి జిల్లావారికి తెలియనిది కాదు. 2020 డిసెంబరులో అక్కడ ఒక లారీ పదికి పైగా బండ్లను గుద్దగా నలుగురు మరణించారు. మావాడికి స్టీరింగు రొమ్ముకు కొట్టుకున్నది. పైకి కమిలిన మచ్చ తప్ప ఏమీ కనబడలేదు.

మహేంద్రమంగళం నుంచి మామగారూ నేనూ ఆసుపత్రి చేరేసరికి స్కాను తీసి ఉన్నారు. ప్లీహం చితికి కడుపులో రక్తం పోతున్నది. అదిగాక గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని లోపల చిరిగింది. "కడుపుకు ఇప్పుడే ఆపరేషను. ధమనికి ఎల్లుండి" అన్నారు డాక్టరుగారు.

మామగారు మండిపడ్డారు. "పెద్దనాళం చిరిగితే ఎల్లుండి దాకా ఆగడమేమిటి? గట్టిగా అడగండి, అల్లుడుగారూ!"

అడిగాను. డాక్టరుగారు అరవంలోనూ ఇంగ్లీషులోనూ ఓపికగా చెప్పినదీ, పిమ్మట నేను చదివి తెలుసుకున్నదీ ఇది.

బృహద్ధమని సుమారు బొటనవేలి లావున్న గొట్టం. గుండెపై వంపు తిరిగి వెన్నెముక పక్కగా దిగుతుంది. వంపు కొంత కదులుతుంది. దిగే భాగం వెన్నును అంటిపెట్టుకొని ఉంటుంది. బండి ఠక్కున ఆగినప్పుడు ఈ రెండూ కలిసే చోట చిరుగు పడుతుంది. గోడ మూడు పొరలూ తెగితే క్షణాలలో ప్రాణం పోతుంది. 1958లో అమెరికా వైద్యులు ప్రకటించిన శవపరీక్షల లెక్కలో నూటికి ఎనభైమందికి పైగా వెంటనే మరణించినవారే. ప్రాణంతో ఆసుపత్రి చేరినవారిని పై పొర ఒక్కటే కాపాడుతూ ఉంటుంది.

అందుచేత చాలా ఏండ్లు తక్షణమే రొమ్ము కోసి కుట్టడమే సరి అనుకున్నారు. కాని అందుకు ధమనిని కొంతసేపు బిగించాలి. వెన్నుపాముకు రక్తం అందక కొందరికి కాళ్ళు పడిపోయేవి. రక్తం గడ్డకట్టకుండా మందిస్తే తలలోని, కడుపులోని గాయాలు మరింత కారేవి.

1998లో మెంఫిస్ నగర వైద్యులు ఒక పరిశీలన ప్రకటించారు. మందులతో రక్తపుపోటు తగ్గించి ఉంచితే, ఆపరేషనుకు ఆగిన రోగులలో ఎవరికీ ధమని పగలలేదు. ఆ దశాబ్దంలోనే తొడ మొదటి నాళం గుండా గొట్టం పంపి లోపలినుంచే అతికే పద్ధతి కూడా వచ్చింది. ఇప్పటి పద్ధతి ఇది: ధమని పగిలి కారుతుంటే క్షణం ఆగరాదు. ఇతర పెద్ద గాయాలు లేకుంటే సాధారణంగా ఇరవైనాలుగు గంటలలోగా బాగుచేస్తారు. ఉంటే ముందు వాటిని చక్కబెట్టి, పోటు పై అంకె సుమారు 120 దాటకుండా కాచుకొని, తరువాత దీనికి పూనుకుంటారు. తలకు దెబ్బ తగిలితే ఈ హద్దు వేరు. లోపొరలో చిన్న చిరుగైతే మందులూ, మళ్ళీ స్కానులూ చాలు.

ఇదంతా మామగారికి చెప్పడమెలా? "మామగారూ, బుడగ కట్టిన సైకిలు ట్యూబులో గాలి తగ్గిస్తే పగలకుండా కొంతదూరం వస్తుంది గదా! డాక్టరుగారు ఇప్పుడు గాలి తగ్గిస్తున్నారు" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత బెంచీమీద కూర్చున్నారు. ఆ రెండు రాత్రులూ ఆయన నిద్రపోలేదు, నేనూ పోలేదు.

మూడవనాడు ధమనిని అతికారు. మావాడు నేడు తన కాళ్ళమీద నడుస్తున్నాడు.

కనుక త్వరపడవలసినది మన చేతిలో ఉన్న పనులలో. బెల్టు పెట్టుకోండి. రొమ్ముకు గట్టి దెబ్బ తగిలినవారిని, బాగానే ఉన్నానన్నా సరే, ఇంటికి తీసుకుపోకండి. 108కి ఫోను చేయండి. ఆ సేవ 2005లో మన హైదరాబాదులో పుట్టినదే. మన రాష్ట్రంలో ప్రమాద బాధితులకు మొదటి 48 గంటల చికిత్స ఉచితంగా ఇచ్చే పథకం 2021 డిసెంబరులో మొదలైంది. అందులో చేరిన ఆసుపత్రి ఏదో ముందే విచారించి ఉంచుకోండి.

అక్కడికి చేర్చేవరకు ఆలస్యం విషమే. చేర్చిన తరువాత డాక్టరు "ఆగండి" అంటే, ఎందుకో అడగండి. కారణం చెబితే ఆగండి. ఆ ఆగడమూ చికిత్సే.