కల్చర్ రిపోర్టులో అన్నీ ‘ఆర్’లే వస్తే...

ఐసీయూ బయట నాలుగు రోజులు కూర్చున్నవాళ్లకి కల్చర్ రిపోర్టు అంటే ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు. అందులో వరసగా యాంటీబయాటిక్ మందుల పేర్లుంటాయి. ఒక్కో పేరు పక్కన ‘ఎస్’ అనో ‘ఆర్’ అనో ఒక్క అక్షరం. ఎస్ అంటే రోగిలో దొరికిన బ్యాక్టీరియా ఆ మందుకి లొంగుతుందని. ఆర్ అంటే లొంగదని. ఒకటో రెండో తప్ప అన్నీ ఆర్‌లే ఉన్న రిపోర్టులు పెద్దాసుపత్రుల్లో ఇప్పుడు వింతేం కాదు. చివరికి మిగిలేది చాలాసార్లు కొలిస్టిన్ లాంటి పాత మందు. దాంతో కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉందని తెలిసీ వాడాల్సి వస్తుంది.

విడ్డూరమేంటంటే, ఆ రోగి ఆసుపత్రికి వచ్చింది ఈ జబ్బుతో కాకపోవచ్చు. తుంటి ఎముక విరిగిందనో, పక్షవాతం వచ్చిందనో, కాన్పుకనో చేరి ఉంటారు. ఇన్‌ఫెక్షన్ లోపలికి వచ్చాకే అంటుకుంటుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం సంపన్న దేశాల్లో ఆసుపత్రిలో చేరిన ప్రతి 100 మందిలో ఏడుగురికి, పేద, మధ్యాదాయ దేశాల్లో 15 మందికి ఇలా కనీసం ఒక ఇన్‌ఫెక్షన్ వస్తోంది.

చేతుల మీదుగా...

గాల్లో వచ్చేవి కొన్నుంటాయి గానీ, ఎక్కువగా వచ్చేది చేతుల మీదుగానే. ఒక మంచం దగ్గర కట్టు విప్పిన చెయ్యి పక్క మంచం దగ్గర సెలైన్ సరిచేస్తుంది. గ్లోవ్స్ ఉన్నాయి కదా అనుకుంటాం. ఒకే జత గ్లోవ్స్‌తో నలుగురిని తాకితే అవి కాపాడేది వేసుకున్నవాళ్లని, రోగుల్ని కాదు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కూడా కాదు. 1847లో వియన్నాలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు ఒకటి గమనించాడు. శవాలను కోసిన చేతులతోనే వైద్య విద్యార్థులు వచ్చి కాన్పులు చేస్తున్నారు. ఆ వార్డులో బాలింతలు జ్వరంతో చనిపోతున్నారు. మంత్రసానులు కాన్పులు చేసే పక్క వార్డులో మరణాలు చాలా తక్కువ. క్లోరిన్ సున్నం కలిపిన నీళ్లతో చేతులు కడుక్కోమన్నాడు. ఏప్రిల్‌లో నూటికి 18 దాకా ఉన్న మరణాలు జూన్‌కి 2 దాకా దిగాయి. అయినా తోటి డాక్టర్లలో చాలామంది ఆయన మాట వినలేదు. మా చేతులు మురికివంటావా అన్న పట్టుదల.

మరి మన సంగతి? ఒక్క రోగిని చూడ్డానికి ఆరుగురం వెళ్తాం, బత్తాయిల కవరుతో సహా. వెళ్లి మంచం మీదే కూర్చుంటాం. మూత్రం బ్యాగు ఖాళీ చేసిన చేత్తోనే గ్లాసు అందిస్తాం. శానిటైజర్ గోడకే ఉంటుంది. అది పని చెయ్యాలంటే 20 నుంచి 30 సెకన్లు రుద్దాలి. వేళ్ల మధ్య, బొటనవేలు, గోళ్ల చివర్లు కూడా. చేతికి మురికి అంటినా, రోగికి విరేచనాలవుతున్నా శానిటైజర్‌తో సరిపోదు, సబ్బూ నీళ్లూ కావాల్సిందే.

ఆ పైపు ఇంకా అవసరమా?

నా మటుకు నాకు, రోగి తరఫు మనిషి రోజూ అడగాల్సిన ప్రశ్న ఇదొక్కటే. సెలైన్ సూది గానీ, మూత్రం పైపు గానీ, మెడ దగ్గర పెట్టిన లైను గానీ ఒంట్లోకి తెరిచి పెట్టిన తలుపులాంటివి. ఎన్ని రోజులుంటే అంత ప్రమాదం. మందులన్నీ మాత్రల్లోకి మారినా చేతికి సూది అలాగే ఉండిపోతుంది. లేచి నడుస్తున్నా మూత్రం పైపు తియ్యరు. కావాలని కాదు, ఎవరూ గుర్తు చెయ్యరు, అంతే. సూది దగ్గర ఎర్రబడినా, వాచినా, నొప్పి అన్నా రౌండ్స్ దాకా ఆగకుండా నర్సుకి చెప్పాలి. మూత్రం బ్యాగు ఎప్పుడూ నడుము కంటే కిందే వేలాడాలి, నేలను మాత్రం తాకకూడదు. స్కానింగ్‌కి తీసుకెళ్లేటప్పుడు చూడండి, ఆ బ్యాగుని రోగి పొట్ట మీదే పెట్టేస్తారు. బ్యాగులోది వెనక్కి మళ్లుతుంది.

ఆపరేషన్ ముందురోజు ఇంట్లో బ్లేడుతో షేవింగ్ చేసుకుని వెళ్లేవాళ్లున్నారు. చెయ్యొద్దు. కంటికి కనిపించని గాట్లు పడి, అక్కడే క్రిములు చేరతాయి. తియ్యాల్సి వస్తే క్లిప్పర్‌తో వాళ్లే తీస్తారు. ఆపరేషన్‌లో ఇన్‌ఫెక్షన్ రాకుండా ఇచ్చే యాంటీబయాటిక్ కూడా చాలావరకు కోతకు ముందు ఒక గంటలోపు పడాలి. తర్వాత ‘ఎందుకైనా మంచిదని’ అయిదు రోజులు పొడిగిస్తే అదనపు లాభం ఉండదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది.

అడిగితే డాక్టరుగారు ఏమనుకుంటారో అని మన భయం. “డాక్టరుగారూ, ఈ యాంటీబయాటిక్ ఎన్ని రోజులండీ? కల్చర్‌కి పంపించారా?” అని మామూలుగా అడగొచ్చు. వీలైతే మొదటి డోసుకి ముందే శాంపిల్ తీస్తారు. రెండు మూడు రోజుల్లో రిపోర్టు వచ్చాక, దాన్నిబట్టి మందు మార్చడమో, తగ్గించడమో, ఆపడమో చేస్తారు. ఒక్క మాట: సెప్సిస్ లాంటి స్థితిలో ప్రతి గంటా విలువైందే. అప్పుడు రిపోర్టు కోసం ఆగరు, మనం ఆపకూడదు కూడా.

ఆర్‌లు ఎక్కడ పుడతాయి?

అన్నీ ఆసుపత్రిలోనే పుట్టవు. కొన్ని మన వీధి చివర మెడికల్ షాపులో మొదలవుతాయి. “జలుబూ దగ్గూ, కాస్త పవరున్నది ఇవ్వు తమ్ముడూ” అంటే ఒక యాంటీబయాటిక్ కూడా చేతిలో పడుతుంది. జలుబు వైరస్ వల్ల వస్తుంది, యాంటీబయాటిక్ దాన్నేం చెయ్యలేదు. కరోనా రోజుల్లో ఇంటింటా మింగిన అజిత్రోమైసిన్ గుర్తుందా? ఆసుపత్రిలో చేరిన కరోనా రోగులకి దాంతో ఒరిగిందేమీ లేదని బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్ష తేల్చింది. మింగిన ప్రతిసారీ మన పేగుల్లోని మంచి బ్యాక్టీరియా చస్తుంది, మందును తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి. అవే రేపు మనతోపాటు ఆసుపత్రికి వస్తాయి.

మందులు తయారయ్యే చోటా ఇదే కథ. పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థ జలాలు శుద్ధిచేసే ప్లాంటు నుంచి బయటికొస్తున్న నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో వివరాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ!

చట్టం లేకపోలేదు. 2014 నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 ప్రకారం సెఫిక్సిమ్ లాంటి మందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. షాపతను రోగి పేరు, డాక్టరు పేరు, మందు, ఎన్ని ఇచ్చాడో రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. ఈసారి అలాంటి మాత్రలు కొన్నప్పుడు కౌంటర్ దగ్గర ఒక్క నిమిషం నిలబడి చూడండి, మీ పేరు ఎక్కడైనా రాసుకుంటున్నారేమో.