పాత చిరునామా

కౌలాలంపూరు నుంచి పినాంగుకు సుమారు 350 కిలోమీటర్ల రాజమార్గం. మలేషియాలో బండ్లు మనలాగే ఎడమవైపు నడుస్తాయి గనుక ఒక కారు అద్దెకు తీసుకుని నేనే నడిపాను. 2024 వేసవి సెలవుల మాట ఇది. సాయంత్రానికి పినాంగు చేరి సముద్రపు ఒడ్డున కూర్చోవాలని మా ఏర్పాటు. బీడోర్ దగ్గిర మా అమ్మాయి ఒక బోర్డు చూసి, "నాన్నా, ఇక్కడ ఒరిగిన గోపురం వుందట!" అంది. పీసా నగరం ఎలాగూ చూపించబోరు, దీన్నయినా చూపించమన్నాడు మా అబ్బాయి. కారు పడమరకు తిప్పాను. సుమారు 40 కిలోమీటర్లు. దారి పొడుగునా పామాయిలు తోటలే.

ఆ వూరి పేరు తెలుక్ ఇంతాన్. 1885లో ఒక చైనా మేస్త్రీ కట్టిన గోపురం అది. బయటినుంచి చూస్తే ఎనిమిది అంతస్తులు, లోపలికి వెళితే మూడే. పైన గడియారం, లోపల వూరికి నీళ్ళ తొట్టి. కింద మెత్తటి నేల, పైన అంత నీటి బరువు — ఒరగక ఏం చేస్తుంది? పిల్లలు దాన్ని చేతులతో నిలబెడుతున్నట్టు ఫొటోలు తీయించుకున్నారు. గోపురం సంగతి అంతటితో సరి.

దగ్గిర్లో టీకొట్టు ముందు కూర్చుని మా ఆవిడ "ఒరే, ఎండలో తిరక్కురా!" అని కేక వేసింది. పక్క బల్ల దగ్గిరున్న ఒక పెద్దమనిషి చివాలున ఇటు తిరిగాడు. "తెలుగోళ్ళేటండి?" అన్నాడు. నాలుగు మాటలయ్యాక, నేను తెలుగు పంతుల్నని తెలిసి లేచి నిలబడ్డాడు. "మాయమ్మ దగ్గిర పాత తెలుగుత్తరం వుందండి. సదివే దిక్కు లేదు. కూసింత వొచ్చి పెడతారా?"

పినాంగు సముద్రం ఎక్కడికీ పోదని మా ఆవిడ తీర్పు చెప్పింది. ఆయన కారు వెనకే మేమూ బాగన్ దాతుక్ దారి పట్టాం.

అదంతా కొబ్బరి సీమ. తెల్లదొరల కాలంలో ఈ తోటల పనికి కంగాణీలు మన వూళ్ళలోకి వచ్చి, బయానా ఇచ్చి, విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల జనాన్ని ఓడ ఎక్కించేవారు. 1938లో మన ప్రభుత్వం కూలీలను పంపడం ఆపింది. 1941 డిసెంబరులో జపాను సైన్యం మలయాలో దిగింది. తోటకూలీలను సయాం–బర్మా రైలుమార్గం పనికి తరలించుకుపోతే వేలమంది తిరిగి రాలేదు. ఇండియాకు జాబులు లేవు, జవాబులు లేవు.

ముసలమ్మగారు అరుగు మీద కూర్చుని వుంది. ఎనభై దగ్గిరపడ్డ మనిషి. "ఏటి బావూ, దేసం నించొచ్చినారా? గుంటలు బావున్నారు. కూకోండి" అంది. గుంట ఎక్కడుందా అని మా అమ్మాయి కాళ్ళకిందికి చూసుకుంది. మా ఆవిడ పుట్టిల్లు విజయనగరం. పకపకా నవ్వి, ఆవిడ పక్కనే చతికిలబడింది. ఎం.ఏ. చదివిన నాకంటే మా ఆవిడకే ఆ మాటలు చప్పున అందాయి. మధ్య మధ్య బజారును 'పాసర్' అనీ, కష్టాన్ని 'సుసా' అనీ మలయా మాటలు దొర్లేవి. కొడుకులు తమిళబడిలో చదివారు. మనవలకు మలాయీ, ఇంగ్లీషు.

ఉత్తరం 1947 నాటిది. ముసలమ్మగారి తండ్రికి ఆయన అన్న రాయించినది. నేను చదువుతున్నాను. ఆరేళ్ళుగా నీ జాబు లేదు, బతికి వుంటే రెండు ముక్కలు రాయించు, అమ్మ రోజూ అడుగుతూంది, నీ వాటా చింతచెట్టును ఎవరినీ కొట్టనివ్వలేదు. నా నోటికంటే ఒక మాట ముందుగా ఆవిడ పెదవులు కదులుతున్నాయి! తండ్రి బతికినన్నాళ్ళూ ప్రతి ఉగాదికీ చదివి వినిపించేవాడట. కాని ఉత్తరం చదివేవాడు కవరు మీది చిరునామా చదవడు గదా. వాళ్ళకు తెలిసిందల్లా వూరి పేరూ, 'వైజాగు జిల్లా' అన్న మాటానూ.

కొడుకు 2011లో విశాఖపట్నం వచ్చి వెదికాడట. ఆ పేరుగల వూరు దొరికింది. వాళ్ళ ఇంటిపేరు విన్నవాళ్ళే లేరక్కడ. సింహాచలంలో అప్పన్న దర్శనం చేసుకుని తిరిగొచ్చేశాడు.

కవరు వెనక 'బొబ్బిలి తాలూకా, విశాఖపట్నం జిల్లా' అని స్పష్టంగా వుంది. బొబ్బిలి 1950లో శ్రీకాకుళం జిల్లాలో కలిసింది, 1979లో విజయనగరం జిల్లాలోకి వచ్చింది. ఇక కవరు ముందువైపు 'తెలుక్ ఆన్సన్, మలయా' అని వుంది. ఆ పట్నం 1982లో తెలుక్ ఇంతాన్ అయింది, ఆ దేశం 1963లో మలేషియా అయింది. రాసినవాడి వూరు, అందుకున్నవాడి వూరు, రెండూ కదలకుండా వున్నచోటే వున్నాయి. పేర్లే వాటి మీదుగా నడిచిపోయాయి. ఈ సంగతి కొడుకుకు వివరిస్తే చాలాసేపు మాట్లాడలేదు. తరవాత ఫోనులో 'బొబ్బిలి' అని ఇంగ్లీషు అక్షరాలతో రాసుకుని, సరిగ్గా వుందో లేదో మా అబ్బాయికి చూపించాడు.

మేము పినాంగు చేరేసరికి రాత్రి పదకొండు. కారులో పిల్లల కాళ్ళకింద ఆవిడ పెట్టించిన కొబ్బరికాయలు అటూ ఇటూ దొర్లుతున్నాయి.

మా బావమరిది పదిహేను రోజులు తిరక్కుండానే ఆ వూరు వెళ్ళి వచ్చాడు. ఆ ఇంటిపేరుతో నాలుగు కుటుంబాలున్నాయి. 'మలయా పోయిన తాత' మాట ఒక ముసలాయనకు జ్ఞాపకం వుంది. చింతచెట్టు మాత్రం లేదు. కొట్టేసి చాలాకాలమైందట.

ఈ కబురు మా ఆవిడే ఫోనులో చెప్పింది. అవతల కాసేపు చప్పుడు లేదు. ముసలమ్మగారు ఏడుస్తూందేమోనని మేము ముఖాలు చూసుకున్నాం.

"సర్లే. మరి సెట్టు డబ్బులెవులు తినీసినారో అడగండి బావూ!" అంది ఆవిడ.