వడ్డీ లేని బ్యాంకుకు లాభం ఎక్కడిది?

10 లక్షల రూపాయల కారు కొనాలి, చేతిలో అంత డబ్బు లేదు. మామూలు బ్యాంకైతే 10 లక్షలు అప్పిచ్చి వడ్డీ వేస్తుంది. వడ్డీ తీసుకోని ఇస్లామిక్ బ్యాంకు డబ్బివ్వదు. కారును తానే కొని, లాభం ఎంతో ముందే చెప్పి, ఉదాహరణకు 12 లక్షలకు మీకు అమ్ముతుంది. నెలకు 25,000 చొప్పున 48 వాయిదాలు. దీన్నే మురాబహా అంటారు.

ఆ 2 లక్షలు వడ్డీ కాదా? అడగాల్సిన ప్రశ్నే. కారు బ్యాంకు సొంతమై ఉన్నంతసేపు, అది గంటే కావచ్చు, దానికేమైనా అయితే నష్టం బ్యాంకుదే. వాయిదా తప్పినా 12 లక్షల ధర పెరగదు. ఆలస్యానికి జరిమానా వేస్తే చాలా బ్యాంకుల్లో అది దానధర్మాలకు పోతుంది. ఆ యాజమాన్యం కాగితం మీదే మిగిలితే మాత్రం దీనికీ వడ్డీకీ పెద్ద తేడా లేదనే నా అభిప్రాయం.

ఇస్లామిక్ బ్యాంకింగ్ అసలు సిద్ధాంతం ముదారబా అనే మరో ఒప్పందంలో కనిపిస్తుంది. బ్యాంకు 10 లక్షలు పెడుతుంది, వ్యాపారి శ్రమ పెడతాడు. ఒప్పందం 60:40 అనుకుందాం. 2 లక్షల లాభం వస్తే బ్యాంకుకు 1,20,000, వ్యాపారికి 80,000. లక్ష నష్టం వస్తే, వ్యాపారి నిర్లక్ష్యమో మోసమో లేనంతవరకు, ఆ లక్షా బ్యాంకే భరించాలి. ఇంత ధైర్యం బ్యాంకులకు తక్కువ. అందుకే ఆచరణలో మురాబహాలాంటి అమ్మకపు ఒప్పందాలదే పైచేయి.

1963లో ఈజిప్టులోని మిత్ గమ్ర్‌లో అహ్మద్ అల్ నజ్జార్ జర్మనీ పొదుపు బ్యాంకుల నమూనాలో ఇలాంటి బ్యాంకింగ్‌కు తొలి ప్రయోగం చేశారు. 1975లో దుబాయ్ ఇస్లామిక్ బ్యాంకు వచ్చింది. 1983లో మలేసియా ఇలాంటి బ్యాంకుల కోసం ఏకంగా చట్టమే చేసింది.

మన దేశంలో 1949 నాటి బ్యాంకింగ్ నియంత్రణ చట్టం 8వ సెక్షన్ బ్యాంకులు సరుకు కొని అమ్మడాన్ని నిషేధిస్తుంది. మురాబహాకు మొదటి అడ్డంకి అదే. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీ లేని బ్యాంకింగ్‌ను సిఫారసు చేసినా, ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లబోమని రిజర్వు బ్యాంకు 2017లో తెలిపింది.

ఈ ఖాళీలోకే మోసగాళ్లు దూరారు. హలాల్ పెట్టుబడి పేరుతో హైదరాబాదు, బెంగళూరుల్లో వేలమంది కష్టార్జితం పోగొట్టుకున్నారు. ఎవరైనా మీ దగ్గరికొచ్చి లక్షకు నెలకు 3,000 ఖాయం అంటే, నష్టమొస్తే ఎవరు భరిస్తారో అడగండి. వ్యాపారం ఎలా సాగినా ఆ 3,000 వస్తుందంటే అది లాభంలో వాటా కాదు, ముదారబా అంతకన్నా కాదు.