శిక్ష ముగించుకొని వచ్చినవాడు: గ్రామ పంచాయతీ కర్తవ్యము

స్త్రీలపైనను, బాలబాలికలపైనను లైంగిక నేరము చేసినవారికి శిక్ష విధించుట న్యాయస్థానముల పని. ఆ శిక్షను అమలు జరుపుట కారాగార శాఖ పని. కాని శిక్షాకాలము ముగిసిన దినమున ఆ మనుష్యుడు సాధారణముగా తన ఊరికే తిరిగి వచ్చును. నాటినుండి అతనిని ఎట్లు చూడవలెను, అతనివలన మరియొకరికి హాని కలుగకుండ ఎట్లు కాపాడుకొనవలెను అను ప్రశ్నలు గ్రామము ముందు నిలుచును. సర్పంచులును, వార్డు సభ్యులును ఈ విషయమును ముందుగనే ఆలోచించి యుండుట మేలు.

చట్టము విధించు శిక్షలు

2024 జూలై 1వ తేదీనుండి భారతీయ న్యాయ సంహిత అమలులో నున్నది. దాని ప్రకారము అత్యాచారమునకు కనీస శిక్ష 10 సంవత్సరముల కఠిన కారాగారవాసము. బాధితురాలు 16 ఏండ్ల లోపు బాలికయైనచో కనీస శిక్ష 20 సంవత్సరములు. 12 ఏండ్ల లోపు బాలికయైనచో మరణశిక్షయు విధింపవచ్చును. 18 ఏండ్లలోపు బాలబాలికల రక్షణకై 2012 నవంబరు 14నుండి పోక్సో చట్టము ప్రత్యేకముగా అమలు జరుగుచున్నది.

పాత నల్లగొండ జిల్లాలోనిదై, నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలో నున్న హాజీపూరు గ్రామమున జరిగిన ఘోరమును పాఠకులు మరచియుండరు. 2015లో కనబడకుండ పోయిన బాలికను గూర్చిన నిజము, 2019లో మరి ఇద్దరు బలియైన తరువాతనే వెల్లడియైనది. 2020 ఫిబ్రవరి 6న నల్లగొండలోని ప్రత్యేక న్యాయస్థానము దోషికి మరణశిక్ష విధించినది.

కాని ఇట్టి శిక్షకు గురియగువారు కొందరే. బాలలను దురుద్దేశముతో తాకుటవంటి నేరమునకు పోక్సో చట్టములో సాధారణముగా 3 మొదలు 5 సంవత్సరముల శిక్ష కలదు. ఎనిమిదేండ్ల బాలికపట్ల ఈ నేరము చేసి ఐదేండ్ల శిక్ష పొందినవాడు తిరిగి వచ్చునాటికి, ఆ బాలిక ఇంకను ఆ ఊరి బడికే పోవుచుండవచ్చును. ఆమె నడచు దారిలోనే అతని ఇల్లు ఉండవచ్చును. మనము ఆలోచింపవలసినది ముఖ్యముగా ఇట్టి సందర్భమును గూర్చియే.

వెలివేసినచో ప్రమాదము తొలగునా?

అట్టివానిని ఊరిలో అడుగు పెట్టనీయరాదని పలువురు అందురు. వారి కోపము న్యాయమైనదే. అయినను శిక్ష ముగిసిన మనుష్యుని ఊరినుండి వెళ్ళగొట్టుటకు పంచాయతీకి అధికారము లేదు. అధికారము మాట యటుండ, దానివలన ప్రయోజనమును లేదు.

పాలమూరు ప్రాంతమునుండి కూలీలు గుంపు మేస్త్రీల వెంట ముంబయి, పుణె మొదలగు దూర నగరములకు వలసపోవుట తరతరములుగా జరుగుచున్నది. ఊరు వెలివేసినవాడు కూడ ఆ దారినే పట్టును. అక్కడ కట్టుచున్న భవనముల ప్రక్కన గుడిసెలలో తల్లిదండ్రులు పనికి పోగా పిల్లలు ఒంటరిగా నుందురు. అతడెవరో, ఏమి చేసి వచ్చెనో అక్కడ ఎవరికిని తెలియదు. మన ఊరినుండి తరిమిన ప్రమాదము మనవంటి మరియొక కూలివాని బిడ్డమీదికి పోవును. తెలిసినవారి కన్నుల ముందున్నవానికంటె, ఎవరికిని తెలియనివానివలననే భయమెక్కువ.

వెలి వలన మరియొక కీడును కలదు. బాలలపై జరుగు ఈ నేరములలో నూటికి తొంబదికి పైగా బాధితులకు తెలిసినవారే, అనగా బంధువులో, ఇరుగుపొరుగువారో, చేసినవని జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలు చూపుచున్నవి. ఇంటివానిపై ఫిర్యాదు చేసినచో ఇల్లంతయు వెలిపాలగునని తల్లి భయపడినచో, ఆమె నోరు విప్పదు. నేరము నాలుగు గోడల మధ్య సాగుచునే యుండును.

నేరస్థునిలో మార్పు సాధ్యమా?

శిక్ష పొందినవారందరు ఒక్క తీరువారు కారు. అందరు మరల నేరము చేయుదురనుట నిజము కాదు. ఎవరును చేయరనుటయు నిజము కాదు. తన తప్పును ఒప్పుకొనుట, ఆలోచనలను సరిదిద్దుకొను శిక్షణ పొందుట, నిలుకడగల పని, ఇల్లు, మంచి మాట చెప్పువారు ఉండుట మార్పునకు తోడ్పడును. త్రాగుడు, పనిలేమి, ఏకాంతము, బాలలతో ఒంటరిగా మెలగు అవకాశము అపాయమును పెంచును. తెలంగాణ కారాగారములలో చదువు నేర్పుటకు విద్యాదానము, ప్రవర్తన మార్పునకై ఉన్నతి అను కార్యక్రమములు నడపబడినవి. లోపల మొదలైన మార్పు నిలుచుట వెలుపల దొరకు జీవితముపై ఆధారపడును.

కెనడా దేశమున 1994లో ఇందుకు ఒక పద్ధతి ఏర్పడినది. బాలలపై నేరము చేసి విడుదలైన ఒకనికి తోడుగాను, కావలిగాను కొందరు పౌరులు ఒక చిన్న బృందముగా నిలిచిరి. వారు అతనిని తరచు కలిసికొని, పనిపాటలు విచారించి, తప్పుదారి జాడ కనిపించినచో నిలదీసెడివారు. తరువాత ఇట్టి బృందములు పెక్కు ఏర్పడినవి. వీని తోడు పొందినవారిలో లైంగిక నేరములు మరల చేయువారు తక్కువయని అక్కడి పరిశోధనలు తెలిపినవి. అందరు అందరిని ఎరిగియుండు మన గ్రామములలో ఇది అసాధ్యము కాదు.

పంచాయతీ చేయవలసిన పనులు

1. మొదటి స్థానము బాధితులది. దోషి విడుదలగు సంగతి తెలిసిన వెంటనే పోలీసు వారితో మాట్లాడి, ఆ కుటుంబమునకు ముందుగా తెలియునట్లు చూడవలెను. బెదిరింపులున్నచో ఫిర్యాదు చేయించవలెను. పరిహారము అందనిచో జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టించవలెను. దారి మార్చుకొనవలసినవాడు అతడే. బాలిక బడి మానరాదు.

2. అట్టివానిని బడి, అంగన్‌వాడీ, వసతిగృహము, పిల్లలను చేరవేయు ఆటో మొదలగు పనులలో ఉంచరాదు. బాలలతో మెలగు సంస్థలు తమ సిబ్బంది పూర్వచరిత్రను పోలీసుల ద్వారా విచారింపవలెనని 2020 నాటి పోక్సో నియమములు చెప్పుచున్నవి.

3. పెద్దలు కలిసి చేయు పనులలో అతనికి కూలి దొరకునట్లు చూడవలెను. రేషను, మంచినీరు ఆపరాదు. భార్యాబిడ్డలను ఏ విధముగను వెలివేయరాదు. వారు చేసిన నేరమేమియు లేదు.

4. నెమ్మదియు, ధైర్యమును గల ముగ్గురు నలుగురు పెద్దలు అతనిని తరచు కలిసికొనుచుండవలెను. హద్దులను స్పష్టముగా చెప్పవలెను. అనుమానము కలిగినచో దాచక పోలీసులకు తెలుపవలెను.

5. 2018 సెప్టెంబరు 20న ప్రారంభమైన లైంగిక నేరస్థుల జాతీయ పట్టిక పోలీసు మొదలగు నేరవిచారణ శాఖల ఉపయోగమునకే. ఊరిలో ఫోటోలు, పుకార్లు ప్రచారము చేయుట మన పని కాదు. బాధితుల గుర్తింపు వెల్లడించినవారికి రెండేండ్లవరకు శిక్ష కలదు.

6. క్రొత్తగా నేరము జరిగినచో పెద్దమనుషుల పంచాయితీ పెట్టి, దండుగ కట్టించి, రాజీ చేయరాదు. అత్యాచార నేరములో రాజీకి తావు లేదని 2015 జూలై 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. బాలలపై నేరము తెలిసియు తెలుపనివాడు స్వయముగా శిక్షార్హుడు. బాలలకై 1098, స్త్రీలకై 181, పోలీసు సహాయమునకై 112 సంఖ్యలకు ఫోను చేయవచ్చును.

శిక్ష పూర్తి చేసినవానిపై జాలి చూపుమని గాని, జరిగినది మరచిపొమ్మని గాని చెప్పుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము కాదు. అతనికి పనియు, కట్టుబాటును రెండును ఉండవలెను. పని లేని కట్టుబాటు అతనిని ఊరు దాటించును. కట్టుబాటు లేని పని బాలలను అపాయములో పెట్టును. ఈ రెంటిని కలిపి నడుపగల శక్తి దూరమున నున్న కచేరీలకంటె గ్రామమునకే ఎక్కువగా కలదు. బాలల భద్రతను గ్రామసభలలో చర్చనీయాంశముగా చేర్చి, సభ్యులు తమ గ్రామమునకు తగిన ఏర్పాటులు చేసికొందురు గాక!