మలుపుల్లో ఒరిగే కారుకు లావు స్వే బార్ వేయించాలా?

బ్రూక్షాబాద్ దక్షిణ అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్ శివార్లలో ఉంది. ఆ నగరం పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది. పాండిచ్చేరి విశ్వవిద్యాలయం వారి సముద్ర అధ్యయన విభాగం ఉన్నది ఈ బ్రూక్షాబాద్‌లోనే. చుట్టుపక్కల నేల ఎత్తుపల్లాలమయం కాబట్టి రోడ్డు తిన్నగా సాగదు. దిగుడు, వెంటనే మలుపు, మళ్లీ ఎగుడు. ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన పడే చోటు కావడంతో ఆ మలుపులు సగం ఏడాది తడిగానే ఉంటాయి. ఇలాంటి రోడ్ల మీద ఎత్తైన చిన్న కారు నడిపేవారికి ఒక కోరిక కలగడం సహజం: మలుపు తిరిగినప్పుడల్లా బండి పక్కకు ఒరగకుండా ఏదైనా చేయించాలి. యూట్యూబ్‌లో వెతికితే జవాబు సిద్ధంగా ఉంటుంది. కంపెనీ బారు తీసేసి లావుపాటి స్వే బార్ వేయించండి, కారు రేసు కారులా అతుక్కుపోతుంది, అని.

ఆ జవాబులో కొంత నిజం ఉంది. అయితే ఏ ఇరుసుకు, ఎంత లావు బారు అన్నది తప్పితే తడి మలుపులో కారు మునుపటికంటే ప్రమాదకరంగా తయారవుతుంది. పైగా ఇక్కడికి విడిభాగాలు చెన్నై, కోల్‌కతా, విశాఖల నుంచి సముద్రం దాటి రావాలి. విశాఖ నుంచి దూరం సుమారు 1200 కిలోమీటర్లు. సరిపోని బారును తిప్పి పంపడం మాటలు కాదు. కొనేముందు లెక్క తెలుసుకోవడం ఇక్కడివారికి మరింత అవసరం.

తడి దుప్పటి సూత్రం

స్వే బార్, యాంటీ రోల్ బార్, స్టెబిలైజర్ బార్ అనే మూడు పేర్లూ ఒకే వస్తువువి. మన మెకానిక్కులు ఎక్కువగా స్టెబిలైజర్ అంటారు. ఇది వెడల్పాటి ‘యు’ ఆకారంలో వంచిన ఉక్కు కడ్డీ. నడిమి భాగం రెండు రబ్బరు బుష్‌లలో కారు అడుగున అడ్డంగా ఉంటుంది. రెండు కొసలూ లింక్ రాడ్ల ద్వారా ఎడమ, కుడి చక్రాల సస్పెన్షన్‌కు కలుస్తాయి. కెనడాకు చెందిన స్టీఫెన్ కోల్‌మన్ 1919లోనే దీనికి పేటెంటు పొందాడు.

ఉతికిన దుప్పటిని ఇద్దరు చెరో కొస పట్టుకుని పిండడం గుర్తు తెచ్చుకోండి. ఇద్దరూ ఒకే వైపు తిప్పితే దుప్పటి ఊరికే తిరుగుతుంది, మెలిపడదు. ఎదురెదురు దిశల్లో తిప్పితేనే మెలిక పడుతుంది. స్వే బార్ పని కూడా అంతే. స్పీడ్ బ్రేకర్ మీద రెండు చక్రాలూ కలిసి లేస్తే బారు బుష్‌లలో ఊరికే తిరుగుతుంది, స్ప్రింగుల మెత్తదనానికి అడ్డురాదు. మలుపులో బయటి చక్రం పైకి నొక్కుకుని, లోపలి చక్రం కిందికి సాగితే బారు మెలిపడి ఎదురు తిరుగుతుంది. ఒరగడం తగ్గేది ఆ ఎదురుబలం వల్లనే.

మధ్యలో ఇంకో సందర్భం ఉంది. ఒక్క చక్రమే గోతిలో పడితే బారు కొంత మెలిపడి ఆ కుదుపును రెండో వైపుకు చేరవేస్తుంది. బారు లావెక్కేకొద్దీ ఈ చేరవేత పెరుగుతుంది. గోతుల రోడ్డు మీద కారు తలూపుతున్నట్టు అటూ ఇటూ ఊగడానికి కారణం ఇదే. కొండదారుల కోసం తయారుచేసిన జీప్ రాంగ్లర్ రూబికాన్‌లో ముందు బారును స్విచ్ నొక్కి విడదీసే ఏర్పాటు పెట్టింది కూడా ఇందుకే. గతుకుల్లో ప్రతి చక్రం దాని దారిన అది కదలాలి.

రెండు మిల్లీమీటర్లే కదా అనుకోవద్దు

గుండ్రటి కడ్డీ మెలితిప్పుడుకు ఎంత బిగువుగా నిలుస్తుందన్నది దాని వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. 20 మిల్లీమీటర్ల బారు స్థానంలో 22 మిల్లీమీటర్లది వేస్తే లావు పెరిగింది 10 శాతమే, బిగువు మాత్రం 46 శాతం పెరుగుతుంది. 22 నుంచి 25కు వెళ్తే మరో 67 శాతం. అంటే 20 నుంచి 25కు ఒకేసారి దూకినవారు బిగువును దాదాపు రెండున్నర రెట్లు చేసినట్టు. ప్రకటనల్లో ‘కేవలం 5 మిల్లీమీటర్లు’ అన్న మాట కనిపిస్తే ఈ లెక్క వేసుకోండి.

బారు కొసల చేతుల పొడవు కూడా ముఖ్యమే. చెయ్యి పొట్టిదైతే బిగువు ఎక్కువ, అదీ వర్గం లెక్కన. 200 మిల్లీమీటర్ల చేతికి 180 దగ్గర ఇంకో రంధ్రం ఉందనుకుందాం. లింకును అందులోకి మారిస్తే బిగువు సుమారు 23 శాతం పెరుగుతుంది. సర్దుకునే బార్లకు రెండు మూడు రంధ్రాలు ఉండేది అందుకే. తిప్పి పంపే వీలులేని చోట ఉన్నవారికి ఇలాంటి బారు మేలు, ధర కాస్త ఎక్కువైనా.

బోలు బార్ల గురించి అనుమానం అక్కర్లేదు. మెలితిప్పుడులో ఎక్కువ పని చేసేది కడ్డీ పై పొర, నడిమి ఉక్కు పెద్దగా శ్రమపడదు. 25 మిల్లీమీటర్ల బారులో 17 మిల్లీమీటర్ల బోలు ఉంటే బరువు 46 శాతం తగ్గుతుంది, బిగువు 21 శాతమే తగ్గుతుంది.

‘ప్రత్యేక మిశ్రమ ఉక్కు, అందుకే ఎక్కువ బిగువు’ అన్న మాటను మాత్రం నమ్మనక్కర్లేదు. ఉక్కు ఏ రకమైనా సాగే, మెలిపడే గుణకాలు దాదాపు ఒక్కటే. మంచి ఉక్కు వల్ల వచ్చేది దృఢత్వం, అంటే శాశ్వతంగా వంగిపోకుండా, విరగకుండా ఎక్కువ భారం తట్టుకునే శక్తి. బిగువును నిర్ణయించేది ఆకారం.

ఒరగడం తగ్గితే పట్టు పెరుగుతుందా?

అసలు చిక్కు ఇక్కడుంది. 1000 కిలోల కారు 30 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపును గంటకు 40 కిలోమీటర్ల వేగంతో తిరిగితే పక్కకు కలిగే త్వరణం గురుత్వంలో సుమారు 0.4 వంతు. బరువు కేంద్రం 55 సెంటీమీటర్ల ఎత్తులో, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం 145 సెంటీమీటర్లు అనుకుంటే, లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు సుమారు 150 కిలోల భారం మారుతుంది. ఈ 150లో బారుకు ప్రమేయం దాదాపు లేదు. బరువు కేంద్రం ఎత్తు, చక్రాల ఎడం, వేగం, మలుపు, వీటిమీదే అది ఆధారపడుతుంది. బాడీ ఒరిగినా ఒరగకపోయినా ఆ 150 కిలోలూ మారి తీరుతాయి. కాబట్టి ఎత్తైన ఎస్‌యూవీకి లావు బారు వేయించి ‘ఇక బోల్తా పడదు’ అనుకోవడం భ్రమ. ఒరుగుదల డ్రైవరుకు అందే హెచ్చరిక కూడా. అది తగ్గితే తెలియకుండానే వేగం పెంచేవారు ఉంటారు.

మరి బారు మార్చేదేమిటి? ఆ 150 కిలోలలో ముందు ఇరుసు వాటా ఎంత, వెనక ఇరుసు వాటా ఎంత అన్నది. ఏ ఇరుసుకు బిగువైన బారు ఉంటే ఆ ఇరుసు ఎక్కువ వాటా మోస్తుంది. దాని ఫలితం టైరు స్వభావాన్ని బట్టి తెలుస్తుంది. టైరు మీద భారం పెరిగితే పట్టు పెరుగుతుంది గానీ అదే నిష్పత్తిలో పెరగదు. లెక్క కోసం ఒక ఇరుసు మీద 500 కిలోలు ఉన్నాయనుకుందాం. చెరి 250 అయితే రెండు టైర్ల మొత్తం పట్టు 450 కిలోల బలమనుకోండి. బయట 350, లోపల 150 అయినప్పుడు అది 442కు, 400, 100 అయినప్పుడు 432కు దిగజారుతుంది. అంకెలు ఊహించినవే అయినా ధోరణి నిజం. భారం తేడా పెరిగేకొద్దీ బయటి టైరు లాభం కంటే లోపలి టైరు నష్టం ఎక్కువ.

అంటే బిగువు బారు వేసిన ఇరుసు తన పట్టును కొంత కోల్పోతుంది. మొదటిసారి వినేవారికి ఇది తలకిందులుగా తోస్తుంది. మన హ్యాచ్‌బ్యాక్‌లలో ఎక్కువ భాగం ముందు చక్రాలతో నడిచేవి. బరువు ముందు ఎక్కువ, వేగం మించితే ముక్కు మలుపు బయటికి జారే స్వభావం వాటిది. వాటికి ముందు లావు బారు వేయిస్తే ఒరుగుదల తగ్గుతుంది గానీ ముక్కు ఇంకా ముందే జారవచ్చు. మలుపులోంచి బయటపడేటప్పుడు లోపలి చక్రం తేలికై ఊరికే తిరగవచ్చు. వెనక బారు పెంచితే ముక్కు చురుగ్గా తిరుగుతుంది. అనుభవజ్ఞులు ఇలాంటి కార్లకు వెనక బారే సూచించడం ఇందుకే.

అయితే ఆ చురుకుదనం వెనక చక్రాల పట్టును ఖర్చుపెట్టి కొన్నది. పొడి రోడ్డు మీద ఆ తేడా హాయిగా ఉంటుంది. వానలో, దిగుడు మలుపులో, డ్రైవరు కంగారుగా యాక్సిలరేటర్ వదిలితే భారం ముందుకు వెళ్లి వెనక ఇంకా తేలికవుతుంది, తోక బయటికి జారుతుంది. ముక్కు జారితే వేగం తగ్గించి మామూలు డ్రైవరు కూడా బయటపడగలడు. తోక జారితే సర్దుకోవడం చాలామందికి చేతకాదు. వెనక అరిగిన టైర్లు ఉంచి వెనక బారు లావు చేయించడాన్ని నేనైతే ఎవరికీ సలహా ఇవ్వను. ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న కార్లలో ఇంకో సంగతి: ఆ వ్యవస్థను సర్దింది కంపెనీ వేసిన బార్ల బిగువును బట్టి.

మీ కారు అడుగున ఏముంది?

స్విఫ్ట్, ఐ20 లాంటి కార్ల వెనక భాగంలో విడి బారు కోసం వెతికినవారు తికమకపడతారు. వాటిలో రెండు వెనక చక్రాలనూ కలిపే ట్విస్ట్ బీమ్ ఉంటుంది. అది మెలిపడుతూ బారు పనినీ తానే చేస్తుంది. ఇలాంటి కార్లకు బయట దొరికే వెనక బారు ఆ బీమ్‌కు అదనంగా బిగించేది. పాత మారుతి 800లో ముందు బారు ఇంకో బాధ్యత కూడా మోస్తుంది. కింది ఆర్మును ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టి ఉంచేది అదే. అలాంటి బారును మార్చితే చక్రాల అమరికే మారిపోవచ్చు. కాబట్టి మోడల్ పేరు ఒక్కటే చూసి కాక, తయారీ ఏడాది, వేరియంట్ సరిపోల్చుకుని, కారు కింద దూరి కొలిచి మరీ ఆర్డరు పెట్టాలి. బిగువైన బారు దాన్ని పట్టి ఉంచే బ్రాకెట్ల మీదా, లింకుల మీదా ఎక్కువ బలం పెడుతుంది. బారుతో పాటు గట్టి బ్రాకెట్లు ఇవ్వని కిట్టు కొనకపోవడమే మంచిది.

చాలాసార్లు ఇంత దూరం వెళ్లే అవసరమే రాదు. ‘ఈమధ్య కారు బాగా ఒరుగుతోంది’ అనే ఫిర్యాదుకు కారణం అరిగిన లింకో, ఎండిన బుష్షో, నీరసించిన షాక్ అబ్జార్బరో, గాలి తగ్గిన టైరో అయి ఉంటుంది. గతుకుల మీద నెమ్మదిగా వెళ్తుంటే ముందు నుంచి టక్ టక్ మని శబ్దం వస్తే ముందు లింకులు చూడండి. లింకు తెగితే బారు ఉన్నా లేనట్టే. వేగం లెక్క కూడా మరవద్దు. పైన చెప్పిన మలుపునే 40కి బదులు 30 కిలోమీటర్ల వేగంతో తిరిగితే పక్క త్వరణం 44 శాతం తగ్గుతుంది. ఏ బారూ అంత పని చేయలేదు.

ఇవన్నీ చూసుకున్నాక కూడా వేయించాలనిపిస్తే, కంపెనీ బారు కంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు మించకుండా, రెండు రంధ్రాలున్నది తీసుకుని, మొదట మెత్తటి రంధ్రంలోనే బిగించండి. లింకులను బిగించేటప్పుడు కారు చక్రాల మీద సమతలంగా నిలబడి ఉండాలి. ఒక చక్రం జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే బారు ముందే మెలిపడి ఉంటుంది, కారు ఒక మలుపులో ఒకలా, ఇంకో మలుపులో ఇంకోలా తిరుగుతుంది. మార్పు సంగతి బీమా కంపెనీకి ముందుగానే రాతపూర్వకంగా తెలియజేయండి.

దీవుల్లో మరో శత్రువు ఉప్పుగాలి. బారు ఉపరితలం మీదే ఒత్తిడి అత్యధికం. రాయి తగిలి పెయింటు లేచిన చోట తుప్పు చిన్న గుంట చేస్తుంది, ఆ గుంట దగ్గర ఒత్తిడి పోగుపడుతుంది, వేల మెలికల తర్వాత అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. పాలీయురెథేన్ బుష్‌లు రబ్బరు వాటికంటే గట్టివే గానీ గ్రీజు కడిగేసుకుపోతే కీచుమంటాయి, ఇసుక చేరితే బారు పెయింటునే గీకేస్తాయి. వానలు వెలిశాక ఒకసారి కారును లిఫ్టు ఎక్కించి బుష్‌ల అంచుల దగ్గరా, బారు వంపుల దగ్గరా టార్చి వేసి చూడండి. లేచిన పెయింటు కనిపిస్తే గీకి, ప్రైమర్ పూసి, మళ్లీ రంగు వేయించడానికి ఒక పూట చాలు.